రెండో కబురు

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను గుంతకల్లులో, మా బడిలో, ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఫోన్ కట్ చేస్తే మళ్ళీ మోగింది. అమ్మ అలా వెంటపడి చేసే మనిషి కాదు. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"మీ పెద్దమ్మ పాయె మే," అంది అమ్మ. "పొద్దున సంగటి పెడితే ఒద్దనె. గోడకానుకోని కూచున్నెది కూచున్నట్టే ఉండిపోయె. బిన్నా రా. ఈడ ఏడ్సేవాళ్ళు గూడా సరిగ్గా లేరు."

మా ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఒక తరం మొత్తాన్ని ఏడ్చి సాగనంపిన మనిషి ఆమె. ఆమె కోసం ఏడవడానికి మనుషులు లేరట. లెక్క మధ్యలో వదిలేసి బస్సెక్కాను. వజ్రకరూరు దాటేదాకా కిటికీలోంచి దున్ని పెట్టిన చేలే కనిపించాయి, విత్తనం పడని చేలు. వాన పడితే చాలు, మా చేలల్లో వజ్రాలు దొరుకుతాయని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి తలలు వంచుకుని తిరుగుతారు. మాకు ఆ వాన దొరికితే చాలు, వజ్రాలు వాళ్ళనే తీసుకోమనండి.

మా పెద్దమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి ఏడ్చి కూడా ఉంటారు. ఒకప్పుడు బాగా ఆడిన ఒక ప్రేమకథ సినిమాలో ఆమె ఉంది. పేరు చెప్పను, కథ చెబితే మీకే గుర్తొస్తుంది. ఒక సంస్థానంలో జనం రాజు మీద తిరగబడతారు. దివాను కూతురూ, తిరుగుబాటు పాటలు కట్టే ఒక కుర్రాడూ ప్రేమించుకుంటారు. ఊరొదిలి పారిపోదామనుకున్న రోజే రాజు సైనికులు జనాన్ని కాల్చేస్తారు. బండిలో వెళ్ళిపోతున్న దివాను కూతురికి వీధిలో ఒక తల్లి కొడుకు మీద పడి రాగం తీసి ఏడుస్తూ కనిపిస్తుంది. ఆ అమ్మాయి బండి ఆపించి దిగుతుంది. ఇక పారిపోదు. ప్రేమించినవాడితో పాటు జనంలో కలిసిపోతుంది. ఆ ఏడ్చిన తల్లి మా పెద్దమ్మ. ఆ పడివున్నవాడు ఆమె కొడుకు, మా అన్న. నిజంగా ఆమె కొడుకే.

ఆమె నటి కాదు. మూడెకరాల ఎర్రనేల, మీరు బత్తాయి అనే చీనీచెట్లు కొన్ని, చిన్నతనంలోనే పోయిన మొగుడు, ఒక్క కొడుకు. ఇది ఆమె ఆస్తి. పైగా ఒక గొంతు. ఎవరింట్లో మనిషి పోయినా ముందు ఆమెకు కబురొచ్చేది. ఆమె వెళ్ళి కూర్చుని రాగం ఎత్తుకుంటే తప్ప మిగతా ఆడవాళ్ళకు ఏడుపు దారిన పడేది కాదు. వెళ్ళే ముందు మాత్రం కడుపునిండా తినేది. సంగటి ముద్దా ఊరుబిండి పచ్చడీ తిని, చెంబెడు నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని బయల్దేరేది. చిన్నప్పుడు నాకది విడ్డూరంగా ఉండేది. అడిగితే చెప్పింది:

"ఆకలితో ఏడిస్తే మన ఏడుపు మనం ఏడుస్తాం మే. సచ్చినోళ్ళ ఏడుపు ఏడ్సల్లంటే కడుపు నిండల్ల."

పోయినవాళ్ళను లేనిపోని గొప్పలతో పొగిడేది కాదు. మా వీధిలో ఒక పరమ పిసినారి ఉండేవాడు. ఆయన పోయినప్పుడు, "ఒక్క బీడీని మూడుపూట్ల తాగినోడా, ఆర్పి సెవిలో దాసుకున్నోడా, ఇంక నీకు నిప్పెవురిస్తారయ్యా" అని ఎత్తుకుంది. ఆయన పెళ్ళాం ఏడుపు మధ్యలో నవ్వేసింది. నవ్వాక ఇంకా గట్టిగా ఏడ్చింది. అప్పటిదాకా ఆమె కంట చుక్క రాలేదని తర్వాత అందరూ అన్నారు.

ఇంత చేసినా ఒక కట్టుబాటు ఉండేది ఆమెకు. బతికున్నవాళ్ళ మీద రాగం తీయకూడదు. ఒకసారి నేను పక్కింటి పిల్లను అరుగు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పెద్దమ్మలాగా ఏడుస్తూ ఆడుకుంటున్నాను. ఎటునుంచి వచ్చిందో, నా వీపు విమానం మోత మోగించింది. ఆ పిల్లను లేపి కూర్చోబెట్టి, నోట్లో బెల్లంముక్క పెట్టి, మూడిళ్ళ వాళ్ళను పిలిచి "అబద్ధమండి, పాప బాగుండాది" అని చెప్పేదాకా ఊరుకోలేదు.

అట్లాంటి మనిషి కన్నకొడుకు మీద ఎలా ఏడ్చింది? అదే చెప్పాలి.

సినిమావాళ్ళు మా ఊరు వెతుక్కుంటూ వచ్చారు. తిరుగుబాటులో తగలబడిపోయిన సీమ కావాలట వాళ్ళకు, కనుచూపు మేర పచ్చగా ఏదీ కనిపించకూడదట. మా ఊరిని ఏ తిరుగుబాటూ తగలబెట్టలేదు, వరసగా వానలు ఎగ్గొట్టాయంతే. హీరోయిన్ బండి నడిచే దారిలో దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు చల్లించారు. మా ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకనేసుకుని నిలబడి ఆ నీళ్ళను చూశారు. హీరోయిన్‌ను ఎవరూ చూసినట్టు నాకు గుర్తు లేదు. ఆ ట్యాంకరు ట్రాక్టరు తోలింది మా అన్నే.

పెద్దమ్మ గొంతు సంగతి ఎవరో డైరెక్టరు చెవిన వేశారు. ఆయన స్వయంగా ఇంటికొచ్చి దండం పెట్టి అడిగాడు. ముందు ఒప్పుకోలేదు. శవంగా వేసేది సిటీ నుంచి వచ్చిన నటుడు, అంతా ఉత్తుత్తిదే అని నచ్చజెప్పితే, పరాయివాడు గదా అని వెళ్ళింది. తీరా కూర్చున్నాక ఏడుపు రాలేదు. రచయిత రాసిచ్చిన "వీరుడా, త్యాగధనుడా" అన్న మాటలు ఆమె నోట్లో రాళ్ళలాగా దొర్లాయి.

"వీడెవురో నాకు తెలీదు గదప్పా," అంది. "వీనికేం ఇష్టం? దేనికి అలుగుతాడు? ఏమీ తెలీకుండా ఏమని ఏడ్సేది?"

ఎండ నడినెత్తికి వచ్చింది. హీరోయిన్ గొడుగు కింద విసుక్కుంటోంది. ట్రాక్టరు మీద కూర్చుని చూస్తున్న మా అన్న నవ్వుతూ దిగొచ్చాడు. "నేను పండుకుంటాలే సారు. మా యమ్మకి నా సంగతులన్నీ తెలుసు," అన్నాడు.

పెద్దమ్మ అక్కడికక్కడే చెయ్యెత్తింది వాణ్ణి కొట్టడానికి. "నోట్లో మన్ను పడ! ఏం మాటలురా అవి?"

అప్పుడు అడ్డుపడింది మా అమ్మ. ఆమె అన్న మాట మీకు అర్థం కావాలంటే మావైపు ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరి నెత్తినైనా కాకి తన్నితే మృత్యుగండం అంటారు. అది పోవాలంటే ఆ మనిషి చనిపోయాడని దూరంగా ఉన్న చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం కరిగిపోతుంది. వెంటనే రెండో కబురు పంపాలి: అబద్ధం, మనిషి బాగున్నాడు, నోరు తీపి చేసుకోండి, అని. అప్పుడు ఆయుష్షు పెరుగుతుంది.

ఆ మధ్యే తొట్టి దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే మా అన్న నెత్తిన కాకి తన్నింది. యాడికి ఊళ్ళో ఉన్న మేనమామకు కబురు పంపాల్సింది. పంపలేదు. ఆయన అప్పుడే గుండెనొప్పి వచ్చి లేచాడు. ఉత్త చావు కబురు మనం పంపితే నిజం చావు కబురు ఆడనుంచి వస్తుందని అందరూ వెనకాడారు. ఆ గండం అట్లా తీరకుండా ఉండిపోయింది. పెద్దమ్మ రోజూ దాన్నే తలుచుకుని కుమిలిపోతోంది.

"అక్కా, నెమ్మదిగా ఆలోచన చెయ్యి," అంది అమ్మ. "యాడికోడు ఒక్కడు ఏడ్సేదేంది, ఈ సినిమా సూసి దేశమంతా ఏడుస్తాది నీ కొడుకు మీద. అంతమంది ఏడిస్తే ఇంక గండమెక్కడిది? ఒక్క దెబ్బకి రెండు పిట్టలు."

పెద్దమ్మ కొడుకును చూసింది, ఎండను చూసింది. తర్వాత డైరెక్టరును పిలిచింది.

"ఏడ్సినాక వాన్ని లేపల్ల. అబద్ధమని అందురికీ సెప్పల్ల. అట్లయితేనే."

"తప్పకుండా అమ్మా," అన్నాడాయన. షూటింగ్ సంగతి అడుగుతోందనుకున్నాడు పాపం. ఆమె సినిమా సంగతి అడిగింది.

ఆ ఏడుపు నేను పక్కనుండి విన్నాను. "సద్దిలో మజ్జిగ పలసనైతే అలిగేటోడా, చీనీసెట్టుకు నీళ్ళు పోసి నీ గొంతు ఎండబెట్టుకున్నోడా, పొద్దెక్కినాది నాయనా, సెట్లన్నీ నీ తట్టే సూస్తాండాయి." కళ్ళు గట్టిగా మూసుకుని పాడింది. కొడుకును అలా చూడలేననే మూసుకుంది. కెమెరా పట్టుకున్నవాడు ఏడ్చాడు. హీరోయిన్ గొడుగు పారేసి నిజంగానే ఏడ్చింది. డైరెక్టరు ఆపమని చెప్పడం మరిచిపోయాడు. ఆఖరికి మా అన్నే లేచి కూర్చుని, "సాల్లేమ్మా, నాకే ఏడుపొస్తాంది," అన్నాడు. పెద్దమ్మ వాణ్ణి రెండు చేతులా ఒళ్ళంతా తడిమింది. కొంగున కట్టుకొచ్చిన బెల్లం విప్పి అక్కడున్న ప్రతి ఒక్కరి నోట్లో పెట్టింది. "అబద్ధమప్పా, నా కొడుకు బతికే ఉండాడు." హీరోయిన్ నోట్లో కూడా పెట్టింది. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. అదంతా సినిమాలో వస్తుందని ఆమె నమ్మింది. ఏడుపు చూపించి, లేచింది చూపించకుండా ఎవరైనా వదిలేస్తారా? అంత పాపానికి ఎవరు ఒడిగడతారు?

సినిమా ఉరవకొండకు వచ్చినప్పుడు ట్రాక్టరు కట్టుకుని ఊరంతా పోయాం. ఆ సీను రాగానే పెద్దమ్మ కొంగు మొహాన కప్పుకుంది. "వాడు లేసినాక సెప్పు మే," అంది అమ్మతో. హాలంతా వెక్కిళ్ళు. నేను అమ్మ ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చాను. కాసేపటికి కొంగు లోపలినుంచి అడిగింది, "లేసినాడా?" అప్పటికే తెర మీద హీరోయిన్ బండి దిగి పరిగెత్తుతోంది, పాట మొదలైంది. పెద్దమ్మ కొంగు తీసి చూసింది. నిలబడింది. "ఏదీ? లేసినాడు గదా! లేసేది తీసినారు గదా!" అని అరిచింది. వెనకవాళ్ళు కూర్చోమని అరిచారు.

మరుసటి రోజే మొదలైంది ఆమె తిరుగుడు. అన్నను వెంటబెట్టుకుని ఉరవకొండకే మళ్ళీ వెళ్ళింది. ఆట వదిలే సమయానికి గేటు దగ్గర నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళను ఆపి, "ఏడవద్దండప్పా. ఇదో, వీడే ఆ పిల్లోడు. బాగుండాడు సూడండి. నోరు తీపి చేసుకోండి," అని బెల్లం పంచింది. కొందరు నవ్వారు. కొందరు తప్పుకుని పోయారు. అక్కడినుంచి గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి, యాడికి, ధర్మవరం. సినిమా ఎక్కడ ఆడుతుందని తెలిస్తే అక్కడికి బస్సు. చేలో కలుపు అలాగే ఉండేది. నాన్న మా ఇంట్లో తిట్టేవాడు, వదినకు మతి పోయిందని. నాకూ సిగ్గేసేది.

తాడిపత్రిలో ఒక ముసలాయన మాత్రం అన్న చెయ్యి పట్టుకుని వదల్లేదట. "నా కడుపు కాల్చినావు గదరా నాయనా. నూరేండ్లు బతుకు," అని నెత్తిన చెయ్యి పెట్టాడట. ఆ మాట చెప్పుకుని పెద్దమ్మ ఎన్నాళ్ళు మురిసిపోయిందో. ధర్మవరంలో థియేటరు మేనేజరు ఇదేదో కొత్తరకం పబ్లిసిటీ అనుకుని ఇద్దరినీ తెర ముందుకు ఎక్కించాడు. ఈలలు వేశారు, చించిన టిక్కెట్లు విసిరారు. అన్న తల ఎత్తలేదు. అప్పటికే పెళ్ళిచూపులకు వెళ్తే, "ఈ పిల్లోడు సచ్చేవాడు గదా" అని ఆడపిల్లలు కిసకిస నవ్వేవారు.

కొత్తచెరువులో అన్న ఎదురు తిరిగాడు. బస్టాండులోనే అరిచాడట. ఊరికొచ్చాక మా ముందే మళ్ళీ అన్నాడు.

"ఎన్నూళ్ళు తిరుగుతామమ్మా? ఆ సినిమా యాడ్యాడ ఆడతాందో నీకు తెలుసా? దినాం ఒగ ఊర్లో నన్ను సంపి లేపుతాండావు. ఇంక నేను రాను."

"ఆ ఊర్లోళ్ళకి ఎవురు సెప్తారురా మరి?"

"ఎవురూ సెప్పొద్దు. నేను బతికుండేది నాకు తెలుసు, సాలదా?"

ఆమెకు చాల్లేదు. కానీ కొడుకు రానంటే ఏం చూపించి చెబుతుంది? మానేసింది. మానేసినందుకు లోపల ఎంత కాలిందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

కొన్నేళ్ళు గడిచాయి. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి గాలి కక్కాయి. చీనీచెట్లు కొమ్మలు ఎండుతూ వచ్చాయి. మిగిలిన ఒక్క బోరుకు సన్నటి ధార, అదీ కరెంటు ఉన్నంతసేపే. కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికీ తెలియదు. ఆ మధ్యాహ్నం అన్న అన్నం ముందు కూర్చున్నాడు. ఫ్యాను తిరిగింది. కరెంటొచ్చిందని కంచం వదిలేసి, చెయ్యి సరిగా తుడుచుకోకుండా తోటకు పరిగెత్తాడు. స్టార్టరు డబ్బా లోపల తీగ ఎక్కడో తేలి ఉంది. తలుపు తీసినవాడు తీసినట్టే పడిపోయాడు. మోటారు మాత్రం ఆడింది. మేం వెళ్ళేసరికి చెట్ల పాదుల్లో నీళ్ళు పారుతున్నాయి.

ఇంటి ముందు పడుకోబెట్టారు. ఊరి ఆడవాళ్ళంతా వచ్చి పెద్దమ్మ వైపు చూశారు, ఆమె ఎత్తుకుంటుందని. ఎత్తుకోలేదు. నోరు తెరిచింది, ఏమీ రాలేదు. ఎవరైనా ఏడవబోతే పరిగెత్తి వెళ్ళి వాళ్ళ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడవద్దండి. వాని మీద ముందే ఊరూరూ ఏడ్సినారు. ఇంక సాలు. ఇంక సాలు తల్లీ." నా నోరు కూడా మూసింది. ఆ అరచేతి గరుకు ఇప్పటికీ నా పెదాల మీద ఉంది. ఏడుపు లేని చావు నేను చూసింది అదొక్కటే. అంత ఘోరం పగవాళ్ళకు కూడా వద్దు.

ఆ తర్వాత ఆమె ఏ చావుకూ వెళ్ళలేదు.

"నేను పోని ఊరేదో ఉండాది మే," అనేది నాతో. "ఆ ఊర్లోళ్ళకి రెండో కబురు పోలేదు. వాళ్ళ ఏడుపే వాన్ని కొట్టినాది."

నేను లెక్కల టీచర్ని. కోపమొచ్చేది. తీగ తేలి ఉంది, చెయ్యి తడిగా ఉంది, అంతకంటే ఏమీ లేదు పెద్దమ్మా అని ఎన్నిసార్లో చెప్పాను. వినేది. విని, "ఆ తీగ మీదికి వాని చెయ్యే ఎందుకు పోవల్ల?" అనేది.

సినిమా థియేటర్లలోంచి పోయింది. పోయిందని ఊపిరి పీల్చుకుంటే టీవీలోకి వచ్చింది. వీధిలో ఎవరింట్లోనో ఆ పాట వినిపిస్తే పెద్దమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. "ఆపండి, కాళ్ళు మొక్కుతా, ఆపండి." తెలిసినవాళ్ళు ఆపేవారు. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఆ ఒక్క ముక్క కత్తిరించి, తల్లి ప్రేమ అని పేరు పెట్టి, ఎవరెవరో ఒకరికొకరు పంపుకున్నారు. కింద ఏడుపు బొమ్మలు. ఇక ఎవరి కాళ్ళు మొక్కాలి? మాతృదినోత్సవం అని మా బడి టీచర్ల గ్రూపులోనే ఎవరో పెట్టారు ఒకసారి. నేను తెరవకుండా తీసేసి, క్లాసుకు వెళ్ళాను.

తెరవకపోవడానికి కారణముంది. ఆమె నా చేత ఒట్టేయించుకుంది. "నేనుండేవరకు నువ్వు దాన్ని సూడొద్దు. సూస్తే ఏడుస్తావు. ఏడ్సేవాళ్ళు ఒకరు తగ్గినా మేలే."

ఒకసారి ఆమె పోరు పడలేక హైదరాబాదు తీసుకెళ్ళాను. డైరెక్టరు ముసలివాడయ్యాడు. గుర్తుపట్టి ఎదురొచ్చాడు. ఆమె వచ్చిన పని చెప్పింది: వాడు లేచి కూర్చునేది కూడా తీశారు గదా, దాన్ని సినిమాకు అతికించమని. ఆయన మొహం చిన్నబోయింది. అట్లాంటి మిగులు ముక్కలన్నీ ఎప్పుడో పారేశారని చెప్పాడు. ఆమె అడిగింది ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. కుర్చీలోంచి దిగి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"నన్నేం చెయ్యమంటావమ్మా, చెప్పు. పేపర్లో వేయిస్తాను. టీవీలో చెబుతాను."

"ఊరూరికీ కబురు పంపు నాయనా."

"ఏమని పంపను?"

పెద్దమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. కొడుకు బతికే ఉన్నాడని చెప్పడానికి కొడుకు లేడు. ఆ సంగతి ఆ గదిలోనే, ఆ క్షణంలోనే ఆమెకు తట్టినట్టుంది. ఆయన మొహం చూసి, "నువ్వు మంచోనివే నాయనా," అని లేచింది. రైల్లో వెనక్కి వస్తూ నా భుజం మీద తల పెట్టింది, అంతే. అంత బరువైన తలను నేను ఎప్పుడూ మోయలేదు.

అయినా నాకు మిగిలింది ఆ దుఃఖం ఒక్కటే కాదు. విత్తనానికి వేరుశనగ బుడ్డలు వలిచే రోజుల్లో నా చేత ఎక్కాలు చెప్పించుకునేది, తప్పు చెప్పినా తెలిసేది కాదు, గొంతు వణికితే మాత్రం పట్టేసేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, "పిల్లోళ్ళని కొట్టే ముందు వాళ్ళు తిన్నారా లేదా అడుగు," అంది. ఇప్పటికీ అడుగుతాను. అడిగాక కొట్టబుద్ధి కాదు. కొడుకు పోయాక కూడా ఆ తోటకు రోజూ వెళ్ళేది. ఎండిన చీనీచెట్టును నరకనిచ్చేది కాదు. "దాని పొద్దు అది సూసుకోనీ," అనేది.

నేను ఊరు చేరేసరికి పెద్దమ్మను గోడ పక్కనుంచి తీసి ఇంటి ముందు పడుకోబెట్టారు. నలుగురు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. వయసు పిల్లలకు రాగాలు రావు. అమ్మ రెండు మాటలు ఎత్తుకుని, తర్వాతివి అందక, ఉత్తగా "అక్కా, అక్కా" అంటూ ఉండిపోయింది. నేను దారిలో కావాలనే ఇడ్లీ తిని వచ్చాను. కడుపు నిండా ఉంది. అయినా ఏమని ఏడవాలో తెలియలేదు. అంతమందికి మాటలిచ్చిన మనిషి అంత మూగగా పోయింది. నాకు ఒళ్ళు మండింది, మా మీదా, వాన మీదా, ఎవరో కూడా తెలియని వాళ్ళందరి మీదా.

తోటలో, అన్న పక్కనే పూడ్చాం. స్నానాలయ్యాయి. సాయంత్రం ఎండలో ఇంటి వెనక రాతిబండ మీద కూర్చున్నాను. నేనుండేవరకు అంది గదా, ఇప్పుడు లేదు గదా. ఆమె గొంతు వినాలనిపించింది. ఇంకేమీ కాదు, ఆ గొంతు. ఫోన్లో వెతికితే రెప్పపాటులో దొరికింది.

చిన్నప్పుడు ఒక్కసారి కూడా సరిగా చూడలేదని అప్పుడే తెలిసింది. ఎంత వయసులో ఉంది పెద్దమ్మ! ఇప్పటి నాకంటే చిన్నది. రాగం ఎత్తుకుంది. నేను ఏడవలేదు, ఆమె మొహాన్నే చూశాను. అయిపోయాక మళ్ళీ పెట్టాను. ఈసారి ఆమె కుడిచెయ్యి కనిపించింది. అన్న ఛాతీ మీద చాపి పెట్టి ఉంది. ఆ చెయ్యి కదులుతోంది. ఏడుపుకు ఊగుతోందనుకున్నాను. కాదు. ఆమె రాగం ఆపి, ఒళ్ళంతా బిగబట్టి, కదలకుండా ఉన్న చోట కూడా ఆ చెయ్యి ఒక్కటే మెల్లగా పైకి లేస్తోంది, దిగుతోంది.

అన్న ఊపిరి తీస్తున్నాడు. ఎండలో ట్రాక్టరు తోలి, దిగొచ్చి పడుకున్నవాడు, ఎంత బిగబట్టినా ఆగని ఊపిరి. ఎవరూ కత్తిరించలేదు, ఎవరూ గమనించలేదు.

"అమ్మా!" అని కేక పెట్టాను. అమ్మ కళ్ళద్దాలు వెతుక్కుని వచ్చి, ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను.

"బతికే ఉండాడు మే," అంది. గోడ పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు తిరిగి, "అక్కా..." అని ఆగిపోయింది. ఆ తర్వాత అమ్మ ఏడ్చిన ఏడుపు ఊరంతా వినింది.

ఆ సినిమా చూసి ఏడ్చినవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆమె వెళ్ళిన ఊళ్ళు, వెళ్ళలేకపోయిన ఊళ్ళు. మీకు మళ్ళీ ఎప్పుడైనా ఆ సీను ఎదురైతే, దివాను కూతురిని చూడకండి. ఆ తల్లి చేతిని చూడండి. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అన్న ఊపిరి ఆమె చేతిని పైకి లేపుతోంది, దించుతోంది, మళ్ళీ లేపుతోంది.